తొమ్మిది పెంకలు, పద్దెనిమిది పేజీలు

మా ఆఫీసు పేరు రాయను. రాస్తే ఇంకో నోటీసు వస్తుంది. ఉన్న నోటీసులకు జవాబులు రాయడానికే నా చెయ్యి పడిపోతోంది. రాయ్‌పూర్ ఏలుబడిలోని బీజాపూర్‌లో ఉందనీ, కింద వెనకవైపు చీకటి గది రికార్డు రూమనీ, దానికి నేను రికార్డు కీపర్ననీ తెలిస్తే చాలు. పేరు చక్రధరరావు. మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరండూల్ ఇనుప గనిలో పనికొచ్చిన మనిషి. నేను అక్కడే ఎర్రదుమ్ములో పుట్టి, హిందీలో చదువుకుని, తెలుగులో తిట్టుకుంటూ ముప్పై మూడేళ్లు సర్వీసు చేశాను. ఇంకో తొమ్మిది నెలలుంది.

ఇన్నేళ్లూ నాకు రికార్డంటే కాయితమే. చెదలు తిన్నా, ఎలకలు కొరికినా, పైకప్పు కారి ముద్దయిపోయినా అది కాయితమే. 2024 మార్చిలో రాయ్‌పూర్ నుంచి పూనం మేడం కొత్త అధికారిగా వచ్చేదాకా ఇందులో నాకు అనుమానం రాలేదు. ముప్పై ఏళ్లు నిండని పిల్ల. చేతిలో ఆకుపచ్చ అట్ట పుస్తకం, అందులో రికార్డుల నిర్వహణకు అరవైనాలుగు ప్రమాణాలు, అన్నీ హిందీలో.

"రావ్‌జీ, ఈ గదిలో ప్రతి వస్తువుకూ నంబరుండాలి. నంబరు లేనిది ఇక్కడ ఉండకూడదు" అంది.

"అయితే ముందు నన్ను బయటికి పంపాలి మేడం" అన్నాను. నవ్వలేదు. మంచి పిల్లే, పని మీద ప్రేమ ఉన్న పిల్ల. నా సర్వీసులో పని ఎగ్గొట్టే అధికారులతో నాకెప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు.

అప్పుడు అడవి భూముల పట్టాల పని నడుస్తోంది. అడవి భూమి దున్నుకుంటున్న గిరిజనులు 2005 డిసెంబరుకు ముందునుంచీ అక్కడే సాగు చేస్తున్నట్టు రుజువు చూపించాలి. చూపిస్తే పట్టా. ఆ రుజువులన్నిటికీ మా రికార్డు రూములో నంబరు వేయించుకోవాలని మేడం కొత్త పద్ధతి పెట్టింది. వస్తువు మా దగ్గరే ఉండిపోతుంది. కమిటీ ముందుకు వెళ్లేది కంప్యూటరు తీసిన ఒక పేజీ ప్రింటు. కమిటీవాళ్లు ఆ పేజీ చూసి అవునో కాదో తేలుస్తారు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, మా కొంప ముంచింది ఇదే.

2024 జూన్ పదకొండు, మంగళవారం. ఉసూర్ అవతల ఇప్పలగుంపు అనే ఊరినుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, నెత్తిమీద వెదురు గంప. గంప దించడానికి ఒక చెయ్యి వెయ్యమంది. వేశాను. నడుం పట్టేసింది.

"ఏంటమ్మా, రాళ్లు మోసుకొచ్చావా?"

"రాళ్లు గాదు సారూ, కాయితాలు. మా చేను కాయితాలు. ఈడ ఇయ్యమని పంచాయితీల చెప్పిన్రు."

గంపలో వరిగడ్డి, గడ్డిలో పాత లుంగీ మూట. మూట విప్పితే తొమ్మిది మట్టి పలకలు. ఒక్కోటి అరచేయంత, రొట్టె కంటే కాస్త మందం, కాల్చిన మట్టి. ప్రతి పలక మధ్యలో ఒక బొటనవేలు గుర్తు లోతుగా దిగి ఉంది. దాని కింద గింజలు ఒత్తిన గుంటలు వరసగా, అంచున మూడు గోటి గీతలు. మొదటివి నల్లగా, మూలలు అరిగి ఉన్నాయి. చివరిది ఎర్రగా ఉంది.

"ఏంటివి?"

"పెంకలు. మా ఇంట్ల చేను చేతులు మారినప్పుడల్లా ఒక పెంక చేస్తరు. చేనుల పుట్ట ఉన్నది, ఆ పుట్టమన్ను తెచ్చి పిసుకుతరు. చేను తీసుకునేటోళ్లు బొటనేలు ఒత్తాలె. ఆ ఏడు ఏసిన గింజలు ఒత్తాలె. ఊరోళ్లు ముగ్గురు గోటితోని గీతలు గీస్తరు, అది సాచ్చెం. నీడన ఆరబెట్టి ఊకల కాలుస్తరు."

ఆమె పేరు కోసి. చివరి పెంక ఆమె భర్తది, పేరు మాసా, చనిపోయి నాలుగేళ్లయింది. దాని పక్కది అత్తది, ఆ పక్కది అత్తకు మామది. వేలు పెట్టి ఒక్కోటీ చూపిస్తూ ఐదోదాకా పేర్లు చెప్పింది.

"అటెనక పేర్లు తెల్వయి సారూ. గుర్తులైతే ఉన్నయి."

అన్నిటికంటే పాతదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎవరి చేయో తెలియదు, ఎన్నేళ్లయిందో తెలియదు. వేలి చర్మం మీది సన్నటి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ముప్పై మూడేళ్లుగా వేలిముద్రలు చూస్తున్న మనిషిని, ఇంత పాతది ఎప్పుడూ చూడలేదు. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా గదిలో దుమ్మెక్కువలెండి అని ఆమెతో అన్నాను.

"మూడెకరాల చెలక సారూ" అంది కోసి. "ఫారెస్టోళ్లు వచ్చి సున్నంతోని గుర్తులు పెట్టిన్రు. వానలు గట్టిగ పడంగనే టేకు మొక్కలకు గుంతలు తవ్వుతరంట. పట్టా సూపిస్తే ఆగుతమన్నరు. గా పట్టా ఒక్కటి ఇప్పియ్యి."

ఇదీ ఆమెకు కావలసింది. ఇంతే. చేలో గుంతలు పడకముందే ఒక కాయితం.

ఇవి కాయితాలు కావు, మ్యూజియంవాళ్లకు రాద్దామని మేడంకి చెప్పబోయాను. ఆవిడ కిందికి దిగొచ్చి, పెంకలు చూసి, కళ్లు ఇంతింత చేసుకుంది. గబగబా పుస్తకం తిరగేసింది.

"ఒకటో ప్రమాణం చూడండి రావ్‌జీ. ఏ రూపంలో ఉన్నా రికార్డు రికార్డే. వీటికి మర్యాద జరగాలి. అరవైనాలుగూ వర్తింపజేద్దాం."

ఓరి నాయనో అనుకున్నాను.

మూడో ప్రమాణం: ఎడమవైపు పైమూలన రంధ్రం చేసి పచ్చ ట్యాగు కట్టాలి. నేను పంచింగ్ మిషన్ కేసి చూశాను, పెంక కేసి చూశాను, మేడం కేసి చూశాను. కోసి తొమ్మిది పెంకల్నీ చటుక్కున ఒళ్లోకి లాక్కుని కొంగు కప్పేసింది. చివరికి మిఠాయి డబ్బాకి కట్టినట్టు ఒక్కోదానికీ అడ్డంగా నిలువుగా ట్యాగు కట్టి, రంధ్రం ఎందుకు చెయ్యలేకపోయామో ఒక కాయితం రాసి, ఆ కాయితానికి రంధ్రం చేశాను.

తొమ్మిదో ప్రమాణం: పేజీల సంఖ్య. పెంకకి రెండు వైపులు కాబట్టి తొమ్మిది పెంకలు, పద్దెనిమిది పేజీలు. ఖాళీ పేజీల మీద 'ఖాళీ' అని రాసి సంతకం పెట్టాలి. వెనకవైపు పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను.

"అదేంది సారూ, ఎందుకు రాస్తున్నవ్?"

"తర్వాత ఎవరూ ఏమీ రాయకుండానమ్మా."

"కాలిన మన్ను మీద ఎవరు రాస్తరు?"

"నేను రాయట్లేదా?"

పెన్సిలు మొన విరిగింది. చెక్కుకుని మళ్లీ రాశాను.

పన్నెండో ప్రమాణం: రికార్డుకి చెదలు సోకాయా? అవును, కాదు, ఈ రెండే జవాబులు. "చెదలు పట్టుడేంది, చెదలు చేసిన మన్నే గదా" అంది కోసి. మేడం చాలాసేపు ఆలోచించి 'కాదు' అని టిక్కు పెట్టమంది. పంతొమ్మిదోది: సంతకం చేసినవారు స్వయంగా వచ్చి సరిచూపించాలి. తొమ్మిది మందికీ 'గైర్హాజరు' అని వేశాను. ఇరవై ఒకటోది స్కానింగు. మూత పడలేదు. పడనిదాన్ని నేను అదిమి పట్టుకుంటే తొమ్మిది మాడిన రొట్టెలు వచ్చాయి. ఏడో పేజీ అసలు కనిపించడం లేదు, ఇంకా స్పష్టమైన అసలు ప్రతి తెమ్మని కంప్యూటరు అడిగింది. భాష అన్నచోట హిందీ, ఇంగ్లీషు, ఇతరములు. ఇతరములు కొట్టాం. తల ప్రాణం తోకకొచ్చింది. కానీ దాపరికమెందుకు, మాకు నవ్వు కూడా వచ్చింది. మేడం నవ్వగా చూడడం నాకదే మొదటిసారి. ఏం జరుగుతోందో తెలియకపోయినా కోసి కూడా నవ్వింది, పెద్దవాళ్లు నవ్వుతున్నారంటే పని జరుగుతోందని.

తర్వాత తారీఖు వచ్చింది.

"ఇవి ఎప్పటివమ్మా?"

"పెద్ద కరువొచ్చినప్పుడు మావోళ్లు గుట్ట దిగొచ్చి చెలక కొట్టిన్రంట. అప్పటిది గా మొదటిది."

పెద్ద కరువు ఏ నెల, ఏ తేదీ? కంప్యూటరులో క్యాలెండరు 1950కి వెనక్కి పోదు. ఖాళీగా వదిలితే ఎర్రగా మెరుస్తుంది, ముందుకు కదలదు. చివరి పెంకకైనా మాసా చేను తీసుకున్న సంవత్సరం వేద్దామంటే, రికార్డు మీద రాసి ఉన్న తారీఖే వెయ్యాలట. మేడం ముప్పై ఒకటో ప్రమాణం పైకి చదివింది: రికార్డు మీద తారీఖు లేనప్పుడు, అది కార్యాలయానికి అందిన తారీఖే దాని తారీఖు.

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగున్నరయింది, ఉసూర్ జీపు ఐదింటికి వెళ్లిపోతుంది, ఆమె పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. రిమార్కుల గడి ఉంది కదా అనుకున్నాను. అందులో పెద్ద కరువు సంగతి, ఐదు తరాల పేర్లు, పుట్టమన్ను, గోటి గీతలు, అన్నీ కుక్కి కుక్కి రాశాను. తారీఖు గడిలో 11-06-2024 కొట్టాను. తొమ్మిదిసార్లు. ఈ చేత్తోనే.

కోసి రశీదు తీసుకుని కొంగున ముడేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి నాకూ మేడంకీ దండం పెట్టింది. మేడం ఆ సాయంత్రం రాయ్‌పూర్‌కి ఫోన్ చేసి, మట్టి పలకలకు కూడా ప్రమాణాలు వర్తింపజేశామని చెప్పి మెప్పు పొందింది.

జూలై మొదటి వారంలో కమిటీ నిర్ణయం వచ్చింది. తిరస్కరణ. కారణం ఒక్క వాక్యం: సమర్పించిన తొమ్మిది సాక్ష్యాలూ 11-06-2024 నాటివి, 2005కు ముందువి కావు.

ఆ ప్రింటు పేజీ తెప్పించుకుని చూశాను. నంబరు ఉంది, పద్దెనిమిది పేజీలున్నాయి, చెదలు లేవని ఉంది, తారీఖు ఉంది. రిమార్కులు లేవు. రిమార్కుల గడి మా వాడకానికేనట, ప్రింటులోకి రాదట.

పైకి పరుగెత్తాను. మేడం చదివి, పుస్తకం తీసి, మళ్లీ చదివి, కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"తప్పు దిద్దొచ్చు కదా మేడం?"

"నెలాఖరుకి రికార్డు మూసేశారు రావ్‌జీ. మూసేసినదాన్ని దిద్దాలంటే, వేసిన తారీఖు తప్పని రుజువు చెయ్యాలి."

"పెంకలున్నాయిగా. కళ్లున్నవాడెవడైనా చెబుతాడు, అవి నిన్నటివి కావని."

"పెంకలే రుజువు. కానీ రికార్డు ప్రకారం పెంకలు జూన్‌వి."

"అది మనం వేసిన తారీఖు!"

"అందుకే అది అధికారిక తారీఖు."

ఆవిడ మీద అరుద్దామనే వెళ్లాను. ఆ పిల్ల పుస్తకంలో అదే పేజీ మళ్లీ మళ్లీ తిప్పుతుంటే ఏం అరుస్తాను? ఆవిడ చేతనైనంతా చేసింది. అప్పీలు రాసింది, దానికి కొత్త సాక్ష్యం అడిగారు. రాయ్‌పూర్‌కి మూడు ఉత్తరాలు రాసింది. రెండిటికి జవాబు లేదు, మూడోదానికి 'అందినది' అని వచ్చింది. పెంకల పాతకాలం తేల్చే పరీక్ష ఎక్కడో చేస్తారట. దానికి పంపాలంటే రికార్డు గది దాటాలి. శాశ్వతంగా భద్రపరచవలసిన తరగతిలో మనమే వేశాం కాబట్టి దాటకూడదు. పోనీ మీరు తీసుకెళ్లిపోండని కోసికి తిరిగి ఇచ్చేద్దామన్నా అంతే.

ఈ ఉత్తరాలు ఇంకా నడుస్తుండగానే, మరుసటి వారం కోసి వచ్చింది. ఎవరో చెప్పారట, నిర్ణయం వచ్చిందని. పట్టా తీసుకోవడానికి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఎలా చెప్పాలో తెలియక, నోటికొచ్చినట్టు చెప్పాను.

"రాలేదక్కా. సాక్ష్యం... ఆలస్యంగా వచ్చిందన్నారు. తారీఖు దాటిందన్నారు."

"ఏం తారీఖు?"

"పెంకల తారీఖు. జూన్ పదకొండు అని పడింది."

"గా తారీఖు ఎవరేసిన్రు?"

"నేనే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. నేను తిట్టించుకోవడానికే నిలబడ్డాను. ఆమె నా మొహం చూసి, ఎందుకో నన్ను ఊరడించడానికి పూనుకుంది.

"నువ్వేం చేస్తవ్ సారూ. ఆఫీసుల గట్లనే ఏస్తరు. నా ఆధార్ల జనవరి ఒకటిన పుట్టినట్టు ఏసిన్రు. మా ఊర్ల అందరం జనవరి ఒకటినే పుట్టినం. మా అమ్మయితే ఇప్పపూలు రాలేటప్పుడు పుట్టినవనేది." ర్యాకుల కేసి చూసి అడిగింది. "మరి పెంకలు?"

"అవి ఇవ్వడానికి లేదక్కా. గవర్నమెంటువైపోయాయి."

"సూడొచ్చునా?"

చూపించాను. పచ్చ ట్యాగులతో ర్యాకులో ఉన్నాయి. భర్త పెంక దగ్గర కాసేపు నిలబడింది. ట్యాగు గుర్తు మీదికి జరిగితే మెల్లగా పక్కకి జరిపింది. జీపు టైమయిందని వెళ్లిపోయింది. ఆ రోజంతా నేను ఒక్క ఫైలు ముట్టుకోలేదు.

జూలై చివర్లో వానలు ఊపందుకున్నాయి. ఉసూర్ వైపు వాగులు పొంగి రెండు రోజులు జీపులు రాలేదు. మూడోరోజు పన్నెండింటికి కోసి గుమ్మంలో ప్రత్యక్షమైంది. మోకాళ్లదాకా బురద, నెత్తిమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుంది. రెండు చేతుల్లో మోదుగాకులు, ఆకుల మధ్య తడి మట్టి పలక. మధ్యలో బొటనవేలు గుర్తు, పక్కనే చిన్నదింకోటి.

"నాది" అంది. "పక్కన నా మనుమరాలిది. పోయినసారి తారీఖు దాటిందన్నవ్ గదా. అందుకే ఈసారి ఆగలే. పొద్దున ఒత్తిన, అట్లనే పట్టుకొచ్చిన. ఇయ్యాల్టి తారీఖు ఏసెయ్యి సారూ."

ఆలస్యమయిందన్నది నేనే. నా చేతగానితనాన్ని ఒక మెత్తటి మాటలో చుట్టి ఇచ్చాను, ఆమె దాన్ని నమ్మి రెండు వాగులు దాటి వచ్చింది.

పలక చేతిలోకి తీసుకున్నాను. అంచున మూడు గీతలున్నాయి. కింద గింజల వరస లేదు.

"గింజలు ఒత్తలేదేమక్కా?"

"ఏం ఏసిన్నని ఒత్తుత?" అంది. "గుంతలు తవ్విన్రు గదా. చెలకంత గుంతలే. పుట్ట గూడ తీసేసిన్రు. గుంతలకెల్లి తీసి ఒడ్డున పోసిన్రు చూడు, గా మన్నే తెచ్చిన."

మేడం మెట్ల మీద నిలబడి వింటోంది. కిందికి రాలేదు. పుస్తకం చేతిలో లేదు. తల ఊపింది, చెయ్యండి అన్నట్టు.

చేశాను. ఏం చెయ్యను మరి? పదో పెంక, పంతొమ్మిది, ఇరవై పేజీలు. సంతకందారు స్వయంగా హాజరు. నా సర్వీసులో ఇంత సక్రమమైన రికార్డు ఇంకోటి నమోదు చెయ్యలేదు, మేడం పుస్తకం ప్రకారం ఎక్కడా ఒక్క లోపం లేదు. సంబంధిత భూమి అన్నచోట మూడెకరాలని కొడితే కంప్యూటరు తీసుకోలేదు. తిరస్కరించిన దరఖాస్తు కాబట్టి అక్కడ ఒకే ఒక్క జవాబు పడుతుంది. 'లేదు' అని దానంతటదే పడింది. కోసి బల్ల అంచు పట్టుకుని, చదవడం రాకపోయినా తెర కేసే చూస్తోంది.

"తారీఖు సరిగ్గ పడ్డదా సారూ?"

"పడిందక్కా."

"ఇయ్యాల్టిదేనా?"

"ఇవాళ్టిదే."

"గంతే సాలు. నేను పోయినంక నా మనుమరాలు వస్తది చెలక కోసం. అప్పుడు లేటయిందని ఎవరనరు."

భూమి గడిలో ఏం పడిందో ఆమెకు చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. పలకను నీడన ఆరబెట్టమనీ, పగలకుండా రోజూ తిప్పుతుండమనీ నాకు జాగ్రత్తలు చెప్పి, రశీదు కొంగున ముడేసుకుని, వాన తగ్గిందంటూ తేలిగ్గా నడిచి జీపుకి వెళ్లిపోయింది.